హర్షిణి తలమీద చెయ్యి

అన్నా, నీ బిడ్డ మతం మారుతుందని ఊరంతా చాటింది నువ్వే. చర్చివాళ్లతో కొట్లాడనీకి నేనూ పోయిన. పోతే తెలిసింది, సంగతి వేరే. వాళ్లు మన హర్షిణిని ఏడాదిపాటు కెన్యాలో చెవిటి పిల్లల బడికి సేవకు పంపుతున్నరు. అందుకే చేతులతో మాట్లాడుడు నేర్చుకుంటుంది.

నిన్న నాతోని మెట్రోలో వస్తున్న హర్షిణి, వీడియో ఫోన్‌ల ఎవరికో చేతులతో చెప్తున్న మూగామెను అట్లనే పలకరించింది. ఆమె మొహం ఒక్కసారి వెలిగింది! మూసాపేట దాకా ఇద్దరూ ఒకటే నవ్వుడు. ఎవర్నీ మాట్లాడనియ్యని నేను వాళ్ల చేతులే చూసుకుంట కూసున్న.

ఆదివారం సాగనంపే ప్రార్థనల ఇంటి పెద్ద వచ్చి బిడ్డ తలమీద చెయ్యి పెట్టాలట. నేనున్న కదా అంటే, "నువ్వు కాదు కాకా, నాయిన కావాలె" అన్నది.

శనివారమే బయలెల్లు. వదినను తోలుకరా. చింతకాయ తొక్కు తే. పాస్టరుతో వాదం పెట్టుకోకు, అది నా పని. బిడ్డను దీవించు.

నీ తమ్ముడు నరేందర్