మిల్‌గేట్ వీధిలో ఉత్తరం వైపు ఇల్లు

2024 అక్టోబరు 9, బుధవారం. ఎల్డర్‌ఫోర్డ్, ఒహాయో.

వర్నెల్ ఎస్తర్ ప్రూయిట్ అనే నేను, వయసు ఎనభై ఒకటి, కీర్తిశేషులు ఆర్థర్ లీ ప్రూయిట్ భార్యను, ఈ ఊరి బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం నా గుండె కవాటం మారుస్తారు. భయం లేదని డాక్టరు నవ్వుతూ చెప్పారు. నవ్వే డాక్టర్లను నేను నమ్మను కాబట్టి ఈ వారమే రాస్తున్నాను. నా బుద్ధి స్థిరంగా ఉందా అని అనుమానం వచ్చినవాళ్ళు గ్యాసు కంపెనీ నిన్న పంపిన క్షమాపణ చదువుకోవచ్చు. బిల్లులో తప్పు పట్టింది నేనే. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ దీనితో రద్దు.

అమలు బాధ్యత నా పాత విద్యార్థి, వకీలు ఆమోస్ బ్రాంట్లీకి అప్పగిస్తున్నాను. భిన్నాలు అతనికి ఆలస్యంగా వచ్చాయి గానీ, వచ్చాక పోలేదు.

1. ఇల్లు. మిల్‌గేట్ వీధి నడిమధ్యగా రెండు బడి బోర్డుల సరిహద్దు పోతుంది. ఉత్తరం వైపు పిల్లలు కొండ మీది బడికి, దక్షిణం వైపు పిల్లలు ఊళ్ళో బడికి వెళ్ళాలి. ఏ వైపు ఇళ్ళ పన్ను ఆ వైపు బడికే. అందుకని కొండ మీద ఈతకొలను ఉంది, ఊళ్ళో లైబ్రరీకి తాళం ఉంది. తాళం తీసే మనిషికి జీతం లేదు. మేం కొన్ననాడు ఉత్తరం వైపు ఇంటికి నల్లవాళ్ళకి ఏ బ్యాంకూ అప్పిచ్చేది కాదు. ఆర్థర్ ఫౌండ్రీలో రెండు షిఫ్టులు చేసి నగదుతో కొన్నాడు.

ఈ ఇంటిని, చనిపోయిన నా కూతురు లెనోరా బిడ్డ రొషెల్‌కు ఇస్తున్నాను. రొషెల్ ఎదురుగానే, దక్షిణం వైపు, సొంత సంపాదనతో కొన్న ఇంట్లో ఉంటుంది. నా వంటింటి కిటికీలోంచి ఆమె గుమ్మం కనిపిస్తుంది.

మొన్న మార్చిలో జరిగింది రాయకపోతే మిగతాది అర్థం కాదు. రొషెల్‌కు ఆసుపత్రిలో వారానికి నాలుగు రాత్రులు డ్యూటీ. ఆ రాత్రుళ్ళు ఆమె కూతురు తలీసా నా మేడమీద గదిలో పడుకునేది. కొండ మీది బడిలో చేర్చేటప్పుడు నేను నాలుగు రాత్రులనే రాసిచ్చాను, ఏడని రాయలేదు. చేర్చుకున్నారు. ఏడాది గడిచాక ఒక సోమవారం పొద్దున్నే బడి పంపిన విచారణ మనిషి తలుపు కొట్టాడు. పైకి వెళ్ళి దుప్పటి తడిమి వెచ్చగా ఉందేమో చూశాడు. బీరువా తెరిచి గౌన్లు చూశాడు. పళ్ళబ్రష్షులు చూశాడు. అంతలో తలీసా పుస్తకాల సంచితో వీధి దాటి వచ్చింది. అతను వంగి, "మీ ఇల్లు ఏదమ్మా?" అన్నాడు.

"రెండూ మావే సార్. ఆదివారం అమ్మకి సెలవు కదా, అందుకని రాత్రి అక్కడ పడుకున్నా."

శుక్రవారానికల్లా పిల్ల పేరు కొట్టేశారు.

అబద్ధమాడకూడదని ఆ పిల్లకి నేర్పింది నేను. ఆ పాఠం వెనక్కి తీసుకోను. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల, "తాతమ్మా, నేను ఏం చెప్పుంటే బాగుండేది?" అని నన్నే అడిగింది.

మీరిద్దరూ నా దగ్గరికి వచ్చేయండి అని రొషెల్‌ను అడిగాను. నా ఇంట్లో తొమ్మిదికల్లా దీపాలార్పాలనీ, రాత్రి డ్యూటీ మనిషికి అది కుదరదనీ నవ్వింది. తర్వాత నవ్వకుండా, "నా కూతురి దుప్పటి తడిమిన వాళ్ళ గుమ్మం నేను మళ్ళీ తొక్కను అమ్మమ్మా" అంది.

ఆమోస్ టైపు చేసిన చిత్తులో, రొషెల్ ఈ ఇంట్లోనే కాపురముండి పిల్లను కొండ మీది బడికే పంపాలని షరతు పెట్టాను. ఆ షరతు కొట్టేశాను. తలీసా స్కూలు చదువు పూర్తయ్యేదాకా ఇల్లు అమ్మకూడదు, అంతే. తలుపు తెరిచి ఉంటుంది. ఏ బడికి పంపాలో తల్లి ఇష్టం. కొండ మీది బడి ఆ పిల్లకి మేలన్నది నా అభిప్రాయం. అభిప్రాయాన్ని ఆస్తిగా రాసివ్వడం కుదరదని తెలుసుకున్నాను.

2. నా కొడుకు క్లిఫ్టన్‌కు కారు, తండ్రి చేతిగడియారం. పీచ్ పండ్లతో 'పై' అనే తీపి రొట్టె కాల్చే ఇనప పళ్ళెం కూడా అతనికే. వంట చేయడు గానీ, చిన్నప్పుడు దాని అంచులు గీకి తిన్నవాడు అతనే. నాయనా, ఉత్తరం వైపు ఇల్లంటే కొనేవాళ్ళు వరస కడతారని నాకు నాలుగుసార్లు చెప్పావు. నిజమే. వాళ్ళు కొనేది ఇల్లు కాదు, బడిలో కుర్చీ. అది అమ్మడానికి బతికుండగా ఒప్పుకోలేదు, పోయాక కూడా ఒప్పుకోను.

3. బ్యాంకులో ఉన్నదంతా, అంత్యక్రియల ఖర్చు పోను, ఊళ్ళో బడి లైబ్రరీలో ఒక మనిషి జీతానికి, ఎన్నాళ్ళొస్తే అన్నాళ్ళు. నా పేరుతో ఫలకం పెట్టొద్దు. పుస్తకాల గది తాళం తీయడానికి ఒక ముసలమ్మ చావాల్సి రావడం చెక్కించుకోవలసిన సంగతి కాదు.

4. డొరథియా హేన్స్‌కు ఏమీ ఇవ్వడం లేదు. పదకొండేళ్ళ కిందట రెండు బోర్డులనూ కలిపేద్దామన్న తీర్మానం ఒక్క ఓటుతో ఓడింది. ఆ ఓటు ఆమెది. కొండ మీది బోర్డులో ఉన్న ఒకే ఒక్క నల్ల మనిషి. "కలిపితే తెల్లవాళ్ళు ఇళ్ళమ్ముకుని పోతారు వర్నెల్, అప్పుడు మనకి రెండు పాడుబడ్డ బళ్ళు మిగులుతాయి" అని బోర్డు ఆఫీసు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని చెప్పింది. చెయ్యి విడిపించుకున్నాను. అప్పటినుంచి చర్చిలో ఒకే వరసలో కూర్చుంటున్నా మాట్లాడుకోలేదు. ఆ ఓటు తప్పనే ఇప్పటికీ అంటాను. అయినా మేమిద్దరం ఆడుకోవలసిన పదకొండేళ్ళ శనివారాల పేకాట పోయింది, అది ఏ తీర్మానంతోనూ తిరిగి రాదు. ఏమీ ఇవ్వకపోవడం కోపంతో కాదు. వీలునామాలో వాటా ఉన్నవాళ్ళు దానికి సాక్షిగా ఉండటం మంచిది కాదు. నాకు ఆమె సంతకం కావాలి.

5. తలీసాకు మేడమీద మంచం, బీరువా, నా వంటింటి ఎర్ర టైమరు. బోర్డు సమావేశంలో మాట్లాడే ప్రతి మనిషికీ మూడు నిమిషాలే. తర్వాత మైకు ఆపేస్తారు. ప్రతి నెలా ఆ టైమరు పెట్టుకునే వంటింట్లో సాధన చేశాను. ఎంత కుదించినా చివరి మాట ఎప్పుడూ మిగిలిపోయేది.

నా తర్వాత జరగవలసినవి:

1. ఆమోస్ ఈ కాగితాన్ని నా వంటింటి బల్ల దగ్గర, ముందుగా రొషెల్‌కు చదివి వినిపించాలి. తొందరపెట్టకూడదు.

2. రొషెల్ ఏ ఇంట్లో ఉన్నా మేడమీద మంచం తీయకూడదు. దుప్పటి ఉతికి పరిచి ఉంచాలి.

3. వచ్చే వసంతంలో కలిపే తీర్మానం మళ్ళీ బోర్డు ముందుకొస్తుంది. ఆ రోజు మాట్లాడేవాళ్ళలో నా వంతు ఖాళీగా పోకూడదు. రొషెల్‌కు ఇష్టమైతే రొషెల్. దుప్పటి సంగతి చెప్పాలి.

4. టైమరు తలీసా పట్టుకోవాలి. గంట మోగితే మాట్లాడే మనిషి మాట మధ్యలో ఉన్నా కూర్చోవాలి. పక్కన కూర్చున్న మనిషి లేచి, ఆగిన మాట దగ్గరే అందుకోవాలి. ఆ పక్క కుర్చీలో కూర్చోమని డొరథియాను అడగండి.

(సంతకం) వర్నెల్ ఎస్తర్ ప్రూయిట్
2024 అక్టోబరు 9

సాక్షులు, మా ఎదుటే సంతకం చేశారు:
హొరేస్ టాలీ, చర్చి కోశాధికారి
డొరథియా హేన్స్