దర్జీ అక్క కత్తెర

ప్రియమైన అమ్మమ్మకు,

మా ఆయన పోయినప్పటి నుంచి గడియారాల కొట్టు షట్టరు ఎత్తలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని రిపేర్లు చేసిన బల్ల ముందు ఒక్కదాన్నే కూర్చోవడం నావల్ల కాదు. అమ్మేద్దామనుకుంటున్నా. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట: "మీ అమ్మమ్మను చూడు! చిన్న వయసులో తాతయ్య పోయినా కష్టాల్లో ఎలా రాటుదేలిందో!" నేనెప్పటికి రాటుదేలతాను అమ్మమ్మా? పైగా ఎదురు బేకరీ బాబాయి రోజూ పొద్దున్నే తలుపు బాది "టైమెంతయిందే అమ్మాయ్?" అంటాడు. విసుగొస్తోంది.

నీ మనవరాలు


ఒసే పిచ్చిమొద్దూ, నా బంగారమా,

రాటుదేలడానికి నేనేమన్నా కత్తినా? కష్టాలు మనిషికి బలమిస్తాయనేవాళ్లను ఒక్క వారం నా కష్టం పడమను. బలం మాటేమోగాని ముందు బరువు తగ్గుతారు.

మీ తాతయ్య పోయాక నేను తల దువ్వుకోలేదు. పాఠాలు చెప్పడానికి బడికీ వెళ్లలేదు. మీ అమ్మకు తిండి పెట్టింది పక్కింటి దర్జీ అక్క. ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి "కాస్త కత్తెరిస్తావా?" అనేది. ఇవ్వాలంటే లేవాలి, తలుపు తీయాలి, వెతకాలి. నేను వెతికేలోగా ఆవిడ పొయ్యి వెలిగించేసేది. తిరిగిచ్చే వంకతో సాయంత్రం మళ్లీ దిగేది. దర్జీ ఇంట్లో కత్తెర లేకపోవడమేమిటని ఇంత చదువుకున్న నాకు తోచనేలేదు! తోచిన రోజున పగలబడి నవ్వాను. మర్నాడు బడికి వెళ్లాను.

కష్టం నన్ను విరిచింది తల్లీ, అంతే. అతికించింది ఆ కత్తెర.

కొట్టు అమ్మే సంగతి తరవాత. ముందు ఆ బేకరీలోకి ఓసారి తొంగిచూడు.

ఏ రాయీ రప్పా కాని
మీ అమ్మమ్మ


ప్రియమైన అమ్మమ్మకు,

చూశాను. గల్లాపెట్టె వెనక గోడకు ఇంత పెద్ద గడియారం! మా ఆయనా నేనూ కలిసి బాగుచేసిందే. నిమిషం కూడా తప్పట్లేదు. "ఇదేంటి బాబాయ్?" అంటే, పిండి చేతులు తుడుచుకుంటూ "అంత పైకి చూస్తే మెడ నొప్పే" అన్నాడు. నవ్వాను. ఏడ్చాను కూడా.

షట్టరు ఎత్తాను. ఆయన కుర్చీ తీయలేదు. రిపేరుకొచ్చినవి దాని మీదే పెడుతున్నా.

పై వాటాలో నర్సుకు ఈమధ్యే తల్లి పోయింది. ఎవరికీ తలుపు తీయడంలేదట. ఇవాళ వెళ్లి కొట్టాను. ఎంతసేపటికో తీసింది. "టైమెంతయింది?" అన్నా. లోపలికెళ్లి చూసొచ్చి చెప్పింది.

నా మెడలో భూతద్దం వేలాడుతూనే ఉంది. గడియారాలు బాగుచేసేదానికి టైము తెలియకపోవడమేమిటని తనకు తోచలేదు.

రేపు మళ్లీ అడుగుతాను.

నీ మనవరాలు