ఎవరూ రాని గుడి

రోమ్, 1974 మార్చి 4

ప్రియమైన ఎర్మీనియా అత్తకు,

బస్సు డ్రైవర్ చేత నువ్వు పంపిన గొర్రెపాల చీజ్ అందింది. మెట్ల దాకా ఒకటే వాసన. ఇంటి ఓనరమ్మ ముక్కు మూసుకుని, "ఏమ్మా, గొర్రెను కూడా తెచ్చుకున్నావా?" అంది. సగం కోసి చేతిలో పెట్టాను. మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టి, "గొర్రె ఇంకా మిగిలుందా?" అని అడిగింది.

మన గుడి శిథిలంలోని అమ్మరాయి మీద అక్షరాలు మొత్తం చదివేశాను అత్తా. బీరువా అద్దం ఊడదీసి నువ్వు అంతసేపు పట్టుకోకపోతే ఒక్క ముక్క కూడా కనబడేది కాదు. అరిగిన రాయి కదా, ఎండ పక్కవాటుగా పడితేనే గీతల్లో నీడ నిలుస్తుంది. "ఇంకొంచెం వంచు అత్తా" అని కెమెరా పట్టుకుని నేను అరిస్తే, "అద్దాన్నా, నన్నా?" అన్నావు. గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాగదు.

ఆ రాతి మీద ఉన్నది ఇదీ: "హెల్వియా, దాస్యం నుంచి విడుదలైన స్త్రీ, బిడ్డ క్షేమంగా పుట్టినందుకు లూచీనా దేవికి మొక్కు చెల్లించింది. సంతోషంగా." అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, ఆమె పేరు. దేవి పేరు కూడా దాని కిందే.

మా పురావస్తు శాఖ డైరెక్టర్ గారు నా నివేదిక చదివి మెచ్చుకున్నారు. వేసవికల్లా నా ఉద్యోగం ఖాయం చేస్తారట. ఇంకో సంగతి కూడా ఉంది కానీ అది ఆఫీసు గోల, నీకెందుకులే.

నీ నివెస్


పెట్రాసోల, మార్చి 22

నా బంగారు నివెస్‌కు,

ఎలా ఉన్నావే? ఇక్కడ మా ప్రాణం ప్రాణంలా లేదు. శిథిలం కంచెకు ఎవరో ప్రకటన అంటించి పోయారు. ఈస్టర్ పండగ వెళ్లగానే లారీ వస్తుందట, అమ్మరాయిని పెకలించి పట్నం మ్యూజియంలో పెడతారట. ఎందుకయ్యా అంటే, "ఈ స్థలానికి ప్రస్తుతం ఎవరూ రావడం లేదు" అట. పేరు లేదు, ముద్ర ఒకటి గుద్దారు.

ఎవరూ రాకపోతే ఆ రాయి మీద అంత నూనె జిడ్డు ఎక్కడిదే? కాకులు రాశాయా? మీ అమ్మ నీ తమ్ముణ్ణి కడుపున మోస్తున్నప్పుడు నూనె గిన్నె పట్టుకుని ముందు నడిచింది నువ్వే. పక్కింటి సెట్టిమియో పెళ్లాం రొసాల్బాకు ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. పోయినసారి బిడ్డ దక్కలేదు. ఈసారి అమ్మరాయికి అరచేత్తో నూనె రాయందే కాన్పు మంచం ఎక్కనని కూర్చుంది.

ఫాదర్ ఒత్తావియో దగ్గరకు వెళ్తే, "అది అన్యమత విగ్రహారాధన, మంచిదే పోతే" అన్నాడు. "మీ అమ్మ ఆ నూనె రాసే మిమ్మల్ని కన్నది ఫాదర్" అన్నాను. దగ్గు వచ్చినట్టు నటించాడు.

మాకు అర్జీ రాసిపెట్టు. చదువుకున్నదానివి, ఆ ఆఫీసు భాష నీకు తెలుసు.

నీ అత్త ఎర్మీనియా


రోమ్, ఏప్రిల్ 1

ప్రియమైన అత్తకు,

నీ ఉత్తరం భోజనం బల్ల మీద పెట్టుకుని చదివాను. సూప్ చల్లారి మీద తెట్టు కట్టింది. అలాగే పారబోశాను.

అర్జీ రాసి దీంతో పంపుతున్నాను. నాలుగుసార్లు చించి మళ్లీ రాశాను, అందుకే ఆలస్యం. ఊరందరి చేతా సంతకాలు పెట్టించండి. నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకు అత్తా. ఆఫీసు మనిషిని కదా, బాగుండదు. ఎవరూ రావడం లేదన్న ఆ వాక్యం ఎవరు రాశారో ఇప్పుడు కనుక్కోవడం కష్టం. మ్యూజియంలో కొత్త హాలు కడుతున్నారు, గుమ్మంలోకి రాగానే కనబడేలా ఒక మంచి రాయి కావాలని డైరెక్టర్ గారికి ఎప్పటి నుంచో ఉంది. ఇలాంటి చోట పనిచేసేవాళ్లు పైవాళ్లకు ఏది నచ్చుతుందో అదే రాస్తారు. చెడ్డవాళ్లని కాదు.

పండక్కి రాలేను. పని చాలా ఉంది. రొసాల్బాకు నా మాటగా ధైర్యం చెప్పు. వద్దులే, ఏమీ చెప్పకు.

నీ నివెస్


పెట్రాసోల, ఏప్రిల్ 9

నివెస్,

ప్రకటన సంగతి నీకు సగమే రాశాను. మిగతా సగం ఇదిగో.

ఆ కాగితం మీద ఒక ఫొటో అచ్చువేశారు. రాయి, రాయి మీద ఏటవాలుగా ఎండ, ఓ మూల అద్దం అంచు. ఆ అంచు మీద గోరు లేని బొటనవేలు. ద్రాక్షగానుగలో ఎవరి గోరు పోయిందో ఈ ఊళ్లో చంటిపిల్లలు కూడా చెబుతారు. సరిగ్గా ఆ వేలి కిందే రాసుంది, ఎవరూ రావడం లేదని. సెట్టిమియో పైకి చదివి, "ఎర్మీనియా, విన్నావా? నువ్వు ఎవరూ కాదట!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దాన్ని బీరువాకు బిగిద్దామని తీసి, మళ్లీ గోడకు తిప్పి పెట్టేశాను.

తెలిసే నిన్ను అర్జీ రాయమన్నాను. కోపంతో కాదు. అబద్ధమెందుకు, కోపంతోనే. నీ ఉత్తరం చూశాక అదీ పోయింది. చిన్నప్పుడు గుడ్లు పగలగొట్టి మంచం కింద దూరేదానివి, కాళ్లు మాత్రం బయటే ఉండేవి. ఇప్పుడూ అంతే.

పోనీ, తప్పంతా నీదేనా? నువ్వు చదువుతానంటే వెలుగు పట్టింది నేను. రొసాల్బా నా ఎదురుగా వచ్చినప్పుడల్లా ఈ చెయ్యి జేబులో దాచుకుంటున్నాను.

అర్జీ తిరిగి పంపుతున్నాను. అందరం సంతకాలు పెట్టాం, రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఫాదర్ కూడా పెట్టాడు, వాళ్లమ్మ పక్కన నిలబడి పెట్టించింది. ఎవ్వరం పై వరస ముట్టలేదు, ఖాళీగా వదిలాం. మొక్కుకున్న మనిషి పేరు పైన ఉంటుందని చెప్పింది నువ్వే కదే.

ఎర్మీనియా


రోమ్, ఏప్రిల్ 13

ప్రియమైన అత్తకు,

"ప్రియమైన" అని రాసే ముందు చాలాసేపు ఆగాను.

అర్జీ నా చేత్తోనే డైరెక్టర్ గారికి ఇచ్చాను. పై వరస చూసి కళ్లజోడు తీసేశారు.

"నీ నివేదికను నువ్వే కాదంటున్నావా?"

"అందులో ఒక వాక్యం అబద్ధమండీ."

"నేను రాయమన్నానా?"

"లేదు. మీకు నచ్చుతుందని రాశాను."

అదే నిజం అత్తా. ఎవరైనా బలవంతం చేసి ఉంటే బాగుండును, తప్పు మోయడానికి ఇంకొకరు దొరికేవాళ్లు. నూనె గిన్నె గుర్తుండే రాశాను. జనం వస్తున్నారని రాస్తే రాయి కదలదు, రాయి కదలకపోతే నా ఉద్యోగం ఖాయం కాదు. అంతే.

జూన్ తర్వాత నా బల్ల ఇంకొకరిది. లారీని ఆపారు, కానీ ఎప్పటికీ అని మాటివ్వలేదు. పండగ వెళ్లిన వారానికి తానే స్వయంగా వచ్చి చూస్తారట. ఆయన కంటే ముందు బస్సుకు నేనొస్తాను. రొసాల్బా ముందు ఏ ముఖంతో నిలబడాలో తెలియదు, అయినా వస్తాను. నూనె గిన్నెలు తీసుకుని అందరినీ రమ్మను.

హెల్వియా "సంతోషంగా" అని చెక్కించుకుంది. నాకు ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. పేరు మాత్రం రాశాను.

అద్దాన్ని ఇప్పుడే బిగించకు. ఆయన మళ్లీ ఫొటో తీయిస్తారు. ఈసారి నేను పట్టుకుంటాను. నువ్వు రొసాల్బా చెయ్యి పట్టుకుని రాయి ముందు నిలబడు.

నివెస్