కలిసి ముగించిన ఆట

అక్టోబర్ 5, ఆదివారం

ఇవాళ మొదలుపెట్టాం. కుబాత్ స్పేర్ పార్ట్స్ బజారులో ఎవరి దగ్గరో పాత గేమ్ మెషీన్ కొన్నాడు. దానితో ఒకే ఒక్క ఆట వచ్చింది. మొత్తం జపనీస్.

ఆలోచన మా టీచర్ గుల్జాదాది. మా పుస్తకంలో తనాకా గారు పొద్దున లేస్తే స్టేషన్‌కే వెళ్తారని, ఆయన వెనకాల తిరిగితే ఎప్పటికీ భాష రాదని, ఏదైనా కథలో పడమని చెప్పింది.

డిసెంబర్‌లో పరీక్ష. ఇద్దరం పాసైతే ఏజెన్సీ ఇద్దరినీ జపాన్ పంపుతుంది. నేను వృద్ధాశ్రమంలో, కుబాత్ కార్ల గ్యారేజీలో. భార్యాభర్తలు ఒకే ఊరు అడగవచ్చట. మాకు పెళ్లయి రెండేళ్లు. ఇక్కడ బిష్కెక్‌లో మాకున్నది ఒక గది, గోడకి అవతల అత్తయ్య. ఆమె దగ్గినా వినిపిస్తుంది, మేం నవ్వినా ఆమెకి వినిపిస్తుంది.

రూల్స్ పెట్టుకున్నాం. ఒంటరిగా ఆడకూడదు. నేను పైకి చదవాలి, తను బటన్ నొక్కాలి. తెలియని మాట నోట్‌బుక్‌లో ఎక్కేదాకా ముందుకి పోకూడదు. ఈ మూడోది నా రూల్. తను నవ్వి సరే అన్నాడు.

అక్టోబర్ 19

రెండు వారాలకి ఊరి పొలిమేర దాటాం. హీరో ఉప్పు మోసేవాడు. వాళ్ల అక్కని ఎవరో సముద్రపు రాజుకి అమ్మేశారు, వెతుక్కుంటూ బయల్దేరాడు. వెంట సొగెన్ అని ఒక ముసలి వైద్యుడు. దెబ్బ తగిలినప్పుడల్లా కట్టు కడతాడు, తిడుతూ.

పళ్ల క్లినిక్‌లో పని చేస్తాను కదా. జపనీస్‌లో 'శపథం' అనగలను, 'శాపం' అనగలను, 'మీ వంశం నాశనమవుగాక' అనగలను. 'పన్ను నొప్పి' అనలేను.

నవంబర్ 16

అత్తయ్య కూడా మా వెనక సోఫాలో కూర్చుంటోంది, మేజోళ్లు అల్లుకుంటూ. బిడ్డల్ని కనే వయసులో ఈ బొమ్మలాట ఏమిటని మొదట్లో సణిగింది. ఇప్పుడు ఎవరు చచ్చారు, ఎవరు బతికారు అని అడుగుతోంది. ఆవిడకి సొగెన్ అంటే ఇష్టం. తన తమ్ముడిలా ఉంటాడట.

ఈ రోజు ఒకే వంతెన దాటాం. రెండున్నర గంటలు. నోట్‌బుక్‌లో ముప్పై ఒక్క మాటలు. కుబాత్ ఆవలించలేదు. మంచివాడు అనుకున్నాను.

డిసెంబర్ 8

నిన్న పరీక్ష. 'శపథం' రాలేదు. స్టేషన్ వచ్చింది.

జనవరి 11, ఆదివారం

ఒక సంగతి రాయాలి.

ఇవాళ పెద్ద గుట్టు బయటపడే ఘట్టం. ఆ ఆటలో మాటలు ఒక్కసారి రావు, అక్షరం తర్వాత అక్షరం టకటకా పడతాయి. 'మీ అక్కను అమ్మినవాడు' అన్నంతవరకు పడింది. నేను అంతవరకే చదివాను. ఆ తర్వాత చుక్కలు. పేరు ఇంకా పడలేదు.

కుబాత్ 'ఛ, ఈ ముసలాడా' అన్నాడు. అరచేత్తో మోకాలి మీద కొట్టుకున్నాడు కూడా.

అప్పుడు పడింది పేరు. సొగెన్.

నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. కుబాత్ ఇంకా తల ఊపుతున్నాడు, అసలు నమ్మలేకపోతున్నానని, ఎన్నిసార్లు కట్టు కట్టాడో వీడు అని. వెనక అత్తయ్య అల్లుకుంటూనే ఉంది. తన తమ్ముడిలాంటివాడు ద్రోహి అని తేలితే ఒక్క ముక్క అనలేదు.

జనవరి 12, ఉదయం 6

చూశాను. సేవ్ చేసిన ఆటల పేజీలో మాది మొదటి గడి, నలభై మూడు గంటలు. రెండో గడి పేజీ కిందికి ఉంటుంది, నేనెప్పుడూ దిగి చూడలేదు. ముప్పై ఎనిమిది గంటలు. పక్కన నక్షత్రం. నక్షత్రం ఉంటే ఆట పూర్తయినట్టు.

తేదీ నవంబర్ 29. శనివారం. శనివారాలు నాకు క్లినిక్ ఉంటుంది. తను బజారుకి వెళ్తున్నానని చెప్పేవాడు.

అత్తయ్య శనివారాలు ఇంట్లోనే ఉంటుంది.

జనవరి 13

అడగలేదు.

జనవరి 18

మళ్లీ ఆడాం. ఈసారి నేను తెర చూడలేదు, తన మొహం చూశాను. ఎక్కడ భయపడాలో అక్కడ భయపడుతున్నాడు. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వుతున్నాడు. ఒక మాట నాకు తెలియక ఆగితే, తనకీ తెలియదన్నట్టు నొసలు ముడిచి, డిక్షనరీ తీయనా అన్నాడు. ఎంత బాగా చేస్తున్నాడో.

రెండేళ్లలో నేను చెప్పిన ఏ మాటకి నిజంగా ఆశ్చర్యపోయాడో లెక్క వేద్దామని కూర్చుని, మానేశాను.

జనవరి 27

రిజల్ట్స్. ఇద్దరం పాస్. తనకి 149, నాకు 97.

సాయంత్రం తన స్నేహితుడు మక్సత్ భార్యతో వచ్చాడు. అత్తయ్య లగ్మాన్ నూడుల్స్ చేసింది. ఎలా చదివారని మక్సత్ అడిగాడు. కుబాత్ నన్ను చూపిస్తూ అన్నాడు: 'ఐజిరెక్ ఒక వాక్యం చదవడమంటే మన పాత జిగులి కారు కొండెక్కడమే. వెనక నుంచి తోస్తూ ఉండాలి. అయినా నేను వదల్లేదుగా.'

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మక్సత్ భార్య నా చెయ్యి నొక్కి, ఇంత ఓపికున్న మగాడు దొరకడం నీ అదృష్టం అంది.

ఫిబ్రవరి 3, ఉదయం 5.30

ఒంటరిగా ఆడటం మొదలుపెట్టాను. మా ఆటనే మూడో గడిలో మళ్లీ సేవ్ చేసుకుని, మేం ఆగిన చోటి నుంచి. చూస్తే చూడనీ.

అత్తయ్య నమాజుకి లేచి చూసింది. 'నువ్వూ మొదలెట్టావా' అంది. పోయి టీ తెచ్చి నా పక్కన పెట్టింది. కప్పు కింద పెడుతూ, 'వాడు నీ మనసు కష్టపెట్టకూడదనే చెప్పలేదమ్మాయ్' అంది. మీకు ముందే తెలుసు కదా అన్నాను. 'నన్నెవరు అడిగారు? నాకు ఆ భాషే రాదు' అని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 8

ఆట సేవ్ చేసేటప్పుడు గడులన్నీ కనబడతాయి. ఇవాళ కుబాత్ పేజీ కిందికి జరిపాడు. మూడో గడి మీద తన బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. యాభై ఒక్క గంటలు అని ఉంది అక్కడ. మా ఇద్దరిదీ నలభై తొమ్మిది.

బటన్ నొక్కి, టీ పెట్టనా అన్నాడు.

ఫిబ్రవరి 12

క్లాసులో గుల్జాదా ఇవ్వడం, పుచ్చుకోవడం గురించి పాఠం చెప్పింది. 'నీకోసం చేసిపెట్టాను' అనే మాట జపనీస్‌లో ఎదుటివాళ్ల మొహం మీద అనకూడదట. అంటే వాళ్లని దిగువన నిలబెట్టినట్టట. కుబాత్ శ్రద్ధగా రాసుకున్నాడు.

ఫిబ్రవరి 28, శనివారం

క్లినిక్‌కి జ్వరం అని ఫోన్ చేశాను. కుబాత్ నిజంగానే బజారుకి వెళ్లాడు. ముగించాను.

చివరి ఘట్టం మొత్తం డిక్షనరీ లేకుండా చదివాను. ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు. ఉప్పు మోసేవాడు సముద్రం అడుగుకి దిగి, అక్క ముందు నిలబడి, నీకోసం ఇంత దూరం వచ్చాను పద అంటాడు. ఆమె రానంటుంది. రమ్మని నిన్ను ఎవరు అడిగారు అంటుంది. అంతే. పేర్లు పైకి పోతాయి.

భాష వచ్చింది. అది తెలిసిన నిమిషంలో ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాలనిపించిన మనిషి ఒక్కడే. వంటగదిలోకి వెళ్లి, నిన్నటి గిన్నెలు కడిగాను.

మార్చి 8, ఆదివారం

ఆడవాళ్ల పండుగ. కుబాత్ నాకూ అత్తయ్యకీ ట్యులిప్ పూలు తెచ్చాడు, ఒక కేకు తెచ్చాడు. ఇవాళే ముగించేద్దాం, పండుగ రోజు బాగుంటుంది అన్నాడు.

ముగించాం. నేను పైకి చదివాను, తను నొక్కాడు. అలవాటు ప్రకారం నాలుగు చోట్ల ఆగాను, తెలిసిన మాటల దగ్గరే. తను అలవాటు ప్రకారం కాసేపు ఆలోచించి, అర్థం చెప్పాడు. అక్క రానన్నప్పుడు తను ఊపిరి బిగబట్టాడు. నేను నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. పేర్లు పైకి పోతుంటే కళ్లు తుడుచుకున్నాడు. నిజంగా తడిగానే ఉన్నాయి. నేను చప్పట్లు కొట్టాను. అత్తయ్య మా ఇద్దరినీ చూసి, అల్లిక పక్కన పెట్టి కేకు కోసింది.

ఎలా ఉంది అని అడిగాడు. అస్సలు ఊహించలేదు అన్నాను.

మార్చి 9

అడిగేశాను. మినీబస్ స్టాపులో, మంచులో నిలబడి. ఎప్పుడు ముగించావు అని.

'నవంబర్‌లో' అన్నాడు. అబద్ధం చెప్పలేదు. 'నువ్వు ప్రతి వాక్యానికీ నోట్‌బుక్ తీస్తావు. నేను ఆగలేకపోయాను. తప్పే. కానీ తర్వాత మూడు నెలలు నీకోసం మళ్లీ కూర్చున్నాను కదా. అది లెక్కలోకి రాదా?'

వస్తుంది అన్నాను. దాన్నే దిగమింగలేకపోతున్నాను అన్నాను.

'మరి నువ్వు?'

ఫిబ్రవరిలో.

బూటుతో మంచుని తన్నాడు. తర్వాత అన్నాడు: 'అంటే నిన్న నేను ఏడుస్తుంటే నువ్వు తమాషా చూశావన్నమాట.'

నువ్వు చెయ్యలేదా నాటకం అన్నాను. నీది వేరు అన్నాడు. ఎలా వేరు అన్నాను. నాది ప్రేమతో చేసింది అన్నాడు.

బస్సు వచ్చింది. ఒక్కటే సీటు ఉంది. నన్ను కూర్చోమన్నాడు. నువ్వే కూర్చో అన్నాను. ఇద్దరం నిలబడే వెళ్లాం. ఆ సీట్లో ఒక ముసలాయన కూర్చున్నాడు.

మార్చి 17

ఏజెన్సీలో ఫారాలు. ఇద్దరికీ వేర్వేరు టేబుళ్లు ఇచ్చారు. మూడో పేజీలో ఒక ప్రశ్న. భార్యాభర్తలు ఒకే ఊరు దొరికేదాకా ఆగుతారా, లేక ఎవరికి ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్తారా. జపనీస్‌లోనే ఉంది. మొదటిసారే అర్థమైంది. అయినా ఇంకో రెండుసార్లు చదివాను.

ఎక్కడికైనా వెళ్తాను అన్న గడిలో గుర్తు పెట్టాను.

అక్కడి అమ్మాయి రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూసింది. 'ఇద్దరూ ఒకటే రాశారు, బాగుంది. ఒకళ్లు ఒకటి ఇంకొకళ్లు ఇంకొకటి రాస్తే మాకు తలనొప్పి. మీ పని తొందరగా అయిపోతుంది' అంది.

కుబాత్ నా వైపు చూశాడు. నేను పెన్ను మూత వెతుక్కున్నాను.

ఏప్రిల్ 25

తనకి అవోమోరి, నాకు మియాజాకి. దేశానికి ఆ చివర, ఈ చివర.

ఓష్ బజారులో సూట్‌కేసులు కొన్నాం. రెండూ నీలం. ఒకటైనా వేరే రంగు తీసుకోండి, లేకపోతే ఎవరిది ఎవరిదో కలిసిపోతాయి అన్నాడు షాపతను.

కలవవు అన్నాను.