చర్చిలో గట్టిమేళం

భూపాలపల్లి,
క్రిస్మస్ అయిన మూడో రోజు.

నన్ను చంకనెత్తుకుని పెంచి నడుము నొప్పి తెచ్చుకున్న అక్కకు తమ్ముడు సారయ్య దండం పెట్టి రాసేది.

ముందుగా ఒక ప్రకటన. దంతాలపల్లిలో ఉన్న నీకు, బావకు, బర్రెకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మీ తమ్ముడు ఈ రోజు నుంచి జీవితాంతం సొరకాయ ముట్టడు. మెస్సులో వరసగా తొమ్మిది పూటలు అదే పెట్టారు. దీనిపై అప్పీలు లేదు.

మీరంతా బాగున్నారా? బావ మోకాలు ఎలా ఉంది? నీ దగ్గర బాపు వేళకు తింటున్నాడా? నేను బాగున్నాను. కటింగ్ దుకాణంలో రెండో కుర్చీ నాది. బొగ్గు ఊరు కదా, తెల్ల చొక్కా ఆరేస్తే బూడిద రంగు చొక్కా చేతికొస్తుంది. ఆదివారం గదిలో ఒక్కడినే కూర్చుని గోడకు జోకులు చెబుతున్నాను. నవ్వదు, బావలాగే. అయినా బాగున్నాను, దిగులు పడకు.

ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో నవ్వి కథ పాడుచేస్తావు, బాపుకేమో వినపడదు. అందుకే ఉత్తరం. ఏడో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకో.

మన ఇంట్లో కోడి కంటే ముందు బాపు సన్నాయి లేచేది. పలక పట్టకముందే మనకు స్వరాలు వచ్చాయి. తంబూరా కొనలేక నిన్నే 'సా' పట్టించి నిలబెట్టేవాడు. బియ్యంలో రాళ్లేరుతూ కూడా నువ్వు 'సా' వదిలేదానివి కాదు. నేను శ్రుతి తప్పితే ఆ రాళ్లే నా మీదికి విసిరేదానివి.

మనను కన్న అవ్వ చర్చికి పోయేది, బాపు పెళ్లిళ్లకు పోయేవాడు. ఒక క్రిస్మస్‌కు బాపు సన్నాయిని తెల్లబట్టలో చుట్టుకుని అవ్వ వెంట చర్చికి వచ్చాడు, గుర్తుందా?

"రాజు పుట్టిండంటున్నరు. రాజు పుడితె గట్టిమేళం లేకుంటె ఎట్ల?" అన్నాడు.

పెద్దలు గుమ్మంలోనే ఆపారు. "గుడి మేళం గీడికెందుకు తెచ్చినవయ్యా?"

ప్రార్థన అయ్యేదాకా బాపు బయట చెప్పుల పక్కన, సన్నాయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ ఏ క్రిస్మస్‌కూ అటు రాలేదు. ఆరు నెలల కింద నేను బస్సెక్కేటప్పుడు ఆ సన్నాయి నా సంచిలో పెట్టి, "ఆడన్న వాయించనిస్తరేమో చూడు" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఇక్కడి చర్చి పెద్ద యోహాను గారు గడ్డానికి మా దుకాణానికే వస్తారు. కత్తి గొంతు దగ్గరికి వచ్చాక అడిగాను.

"సార్, పండుగకు సన్నాయి వాయిస్త."

"గది పెండ్లి వాయిద్యం కాదె?"

"తల జర ఎత్తున్రి సార్. కత్తి కొత్తది."

ఆయన తల ఎత్తి కత్తి వంక చూశారు. "ఒక్క పాటనే. మెల్లగ. పెండ్లి లొల్లి చేస్తె మాత్రం ఊకోను."

డోలుకు గూడూరు మల్లయ్యను పిలుచుకున్నాను. మామూలు రోజుల్లో కూలి, ముహూర్తాల రోజుల్లో డోలు అతని పని.

క్రిస్మస్ ఉదయం, అవ్వ ఉన్నప్పుడు పాడే పాటనే మోహన రాగంలో అందుకున్నాను. మొదటి స్వరం శ్రుతి తప్పింది. లోపల నీ 'సా' వినిపించాక కుదిరింది. రెండో చరణానికి సెల్‌ఫోన్లు చూసేవాళ్లు కూడా తలెత్తారు. పాట అయిపోయింది. పాస్టర్ గారు చెయ్యెత్తి, ప్రభువు పుట్టాడని చెప్పారు. అంతే, అలవాటున మల్లయ్య చెయ్యి జారి డోలు మీద గట్టిమేళం పడింది. నేనూ ఊపిరంతా సన్నాయిలో పోశాను.

ఎన్ని పెళ్లిళ్లు చూసిన జనమో, మేళం వినగానే చేతులు వాటంతటవే లేచాయి. ఏ చేతిలోనూ అక్షింతలు లేవు. ఒక పెద్దామె కొప్పులోని చామంతి తుంచి, పశువుల తొట్టెలో పడుకోబెట్టిన బాలయేసు బొమ్మ మీద వేసింది. ఆమెను చూసి వరసంతా వేసింది.

యోహాను గారు లేచారు. మేం టక్కున ఆపాం.

"ఏంది మల్లయ్యా గిది?"

"అలవాటుల పడ్డది సార్. నలభై ఏండ్ల చెయ్యి. ఎవలు చెయ్యెత్తినా పంతులే అనుకుంటది."

ఆయన నన్ను చూశారు, తొట్టెలో పూలు చూశారు.

"మరి సగంల ఆపిన్రేంది? మేళం సగంల ఆపుతరా ఎవలన్న? కొట్టున్రి."

కొట్టాం అక్కా. పాస్టర్ గారు ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయారు, అందుకని మేమూ ఆపలేదు. వచ్చే ఏడు ఇద్దరు డోలు వాళ్లను తెమ్మన్నారు.

బాపుతో సన్నాయి మూతికి పెట్టే పీకలు రెండు కోయించి పంపు. ఎల్లిపాయ కారం కూడా పంపు, సొరకాయను ఓడించాలి. బావకు దండాలు, బర్రెకు నా బదులు ఒక కట్ట గడ్డి. బాపు కాళ్లకు నా మొక్కు నువ్వే ముట్టజెప్పు. నేను బాగున్నాను.

మీ పీడ,
సారయ్య

ఇక్కడిదాకా అందరి ముందర చదువు, మన ఊరి చర్చి వాళ్లుంటే ఇంకా గట్టిగా చదువు. కింది ముక్క మాత్రం బాపు చెవిలోనే చెప్పు. మల్లయ్య చెయ్యి అలవాటున జారిందని రాశాను కదా, అది శుద్ధ కల్పితం. ఆ రోజు పొద్దున చర్చి గుమ్మంలో అతన్ని ఆపి నేనే చెప్పాను: "పాస్టర్ చెయ్యి లేపంగనే కొట్టు. అడిగితె అలవాటని చెప్పు. గది మా బాపు మేళం."