ఈ కథలో ఎవరూ పోరు

3వ తేదీ, సోమవారం

ఉదయం కిటికీ గట్టు మీద ఒక చీమ ఇంకో చీమను మోసుకుపోతోంది. వంగి చూశాను. పైనున్నది కాళ్ళు ఆడిస్తోంది. బతికే ఉంది! మంచి శకునం.

శకునం ఎందుకంటే, నిన్న ఎడిటర్ మేడమ్ ఫోన్ చేశారు. నా మొదటి పుస్తకానికి ఏడు కథలు ఇచ్చాను. ఇంకొక్కటి ఇవ్వాలి.

"అమ్మాయ్, ఏడు కథలు, తొమ్మిది శవాలు. ఇది పుస్తకమా, మార్చురీయా? ఎనిమిదో కథలో అందరూ చివరిదాకా ఊపిరి పీలుస్తూ ఉండాలి. పదో తేదీ సోమవారానికి కావాలి. లేదంటే పుస్తకం వచ్చే ఏడాదే."

"అలాగేనండీ" అన్నాను. ఫోన్లో నాకు వచ్చే మాట అదొక్కటే.

నిర్ణయం: ఈ కథలో ఎవరూ పోరు.

కథ: ఒక ముసలావిడ కొత్త కళ్ళజోడు కోసం బస్సెక్కి బజారుకు వెళ్తుంది. తెచ్చుకుంటుంది. అంతే. ఇందులో చావడానికి ఏముంది?

మొదటి పేజీ అయిపోయింది. ఇంత తేలికా!

4వ తేదీ, మంగళవారం

కళ్ళజోడున్నా చిన్న అక్షరాలు చదవడం నాన్నమ్మకు కష్టం. అందుకే నా కథలన్నీ నేనే చదివి వినిపిస్తాను. ఇవాళ "ముసలావిడ" అనే మాట రాగానే చెయ్యెత్తి ఆపింది.

"మళ్ళీ నేనేనా పోయేది?"

"ఈసారి ఎవరూ పోరు నాన్నమ్మా."

"ఎప్పుడూ అలాగే అంటావ్. పోయినసారి బాత్రూములో పడేశావ్. అంతకుముందు మెట్ల మీంచి, చేతిలో పాలగిన్నెతో సహా. మీ తాతను మాత్రం ఒక్కసారైనా పంపలేదు."

పేపరు చాటునుంచి తాతయ్య, "నాకు తీరికేదే?" అన్నారు.

"నీ మీదొట్టు నాన్నమ్మా, ఈసారి నిజం."

"నా మీదొద్దు. మీ అన్నయ్య మీద వేసుకో."

5వ తేదీ, బుధవారం

ముసలావిడ ఇంట్లో గోడ మీద భర్త ఫోటో పెట్టాను. ఆయన కథ మొదలవకముందే పోయాడు. కాబట్టి లెక్కలోకి రాడు.

సాయంత్రం: ఆవిడ గాజుతొట్టెలో చేప వెల్లకిలా తేలింది. చేప మనిషి కాదు. చేపల గురించి మేడమ్ ఏమీ అనలేదు.

6వ తేదీ, గురువారం

రాయలేదు. సుఖంగా ముగిసే పుస్తకం ఒకటి చదివి, అదెలా చేస్తారో నేర్చుకుందామని నా పుస్తకాల అర ముందు కూర్చున్నాను. ఒక్కొక్కటే తీసి చివరి పేజీలు చూశాను. అరంతా శ్మశానం.

తప్పు కాన్వెంటు లైబ్రరీది. ఆటల పీరియడ్‌లో బంతికి భయపడి అక్కడికి పోయేదాన్ని. లైబ్రరీ సిస్టర్ ఏ పుస్తకం ఇచ్చినా, చివరికి ఎవరో ఒకరు మంచం పట్టేవారు, కిటికీ తెరవమనేవారు, వెళ్ళిపోయేవారు. నేను బల్ల కింద దూరి ఏడ్చేదాన్ని. నవ్వించిన పుస్తకాలను మర్నాడే తిరిగిచ్చేశాను. ఏడిపించినవాటిని పెద్దయ్యాక వెతికి మరీ కొనుక్కున్నాను.

అంటే, ఇది నా తప్పు కూడా.

8వ తేదీ, శనివారం

11.00. ముసలావిడ బస్సెక్కింది. క్షేమం.

11.20. బస్సు వంతెన మీదికి వచ్చింది. అసలు వంతెన ఎందుకు పెట్టాను?

11.40. దాటించేశాను. నాకు చెమటలు పట్టాయి.

12.10. ఆవిడ దగ్గింది. ఒక్కసారే. దుమ్ము.

12.30. మళ్ళీ దగ్గింది.

అన్నయ్యకు మందుల షాపు ఉంది. అన్నానికి వచ్చినవాడు నా భుజం మీంచి చదివాడు.

"పొడి దగ్గా, కఫమా?"

"పొడి."

"దానికెందుకే అంత దిగులు మొహం? నిమ్మరసం రంగు సిరప్ ఒకటుంది, రెండు చెంచాలు పట్టించు. రెండ్రోజుల్లో లేచి తిరుగుతుంది."

పట్టించాను. ఆవిడ కళ్ళజోడు షాపు ముందు బస్సు దిగింది. బాగానే ఉంది. చాలా బాగుంది. ఎందుకో కిటికీ తెరవమంది. వీధిలో కిటికీ ఎక్కడిది? కొట్టేశాను.

9వ తేదీ, ఆదివారం

పోయింది.

షాపు మెట్ల మీద. ఒకటిన్నర పేజీ. ఒక్క కొట్టివేత లేదు. నేను రాసిన చావులన్నిట్లోకీ అందమైనది. రాస్తూ ఎంత ఏడ్చానంటే, అమ్మ వచ్చి నుదురు పట్టుకుని చూసింది.

అన్నయ్య మండిపడ్డాడు. "నేనిచ్చిన సిరప్ తాగి చచ్చిపోయిందా? మా షాపు పేరు రాయలేదు కదా?"

నాన్నమ్మకు చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. కొంగుతో చేతులు తుడుచుకుని,

"అయితే కళ్ళజోడు ఎవరు తెచ్చారు?" అంది.

"ఎవరూ తేలేదు నాన్నమ్మా. ఆవిడ పోయింది కదా."

"పోతే పోయింది. అది పెట్టుకుని ఏం చూసేదో చెప్తావని ఇంతసేపూ విన్నాను."

నాకు తెలియదు. తర్వాత ఏం జరుగుతుందో తెలియని ప్రతిచోటా ఎవరినో ఒకరిని చంపేస్తున్నాను. దానికి మంచి వాక్యాలు తొడుగుతున్నాను.

10వ తేదీ, సోమవారం

చెప్పాల్సిన వాక్యం అద్దం ముందు అభ్యాసం చేసి మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ హలో అనకుండానే, "ఎవరు పోయారు?" అన్నారు.

"ముసలావిడండీ."

"ఎలా?"

"దగ్గండీ." తర్వాత, అభ్యాసం చేయని మాట ఒకటి నోట్లోంచి వచ్చేసింది. "ఇంకో వారం ఇవ్వండి. ఆవిడ ఏం చూసిందో కనుక్కోవాలి."

మేడమ్ డైరీ తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "వారమే. ప్రాణాలతో తీసుకురా."

నాన్నమ్మ పక్కన కూర్చున్నాను. "మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు ఏం చూశావు?"

"మీ తాత చొక్కా. ఇన్ని మరకలేసుకుని ఊరంతా తిరుగుతున్నాడా ఈ మనిషి అని సిగ్గుతో చచ్చిపోయాననుకో."

పక్కగదిలోంచి తాతయ్య, "మరకలు కావు. అది చుక్కల చొక్కా."

"ముప్పై ఏళ్ళుగా ఇదే మాట!"

"ముప్పై ఏళ్ళుగా నువ్వు ఉతుకుతున్నావ్. పోయాయా?"

పరుగున వచ్చి కథలో గోడ మీది ఫోటో దించేశాను. ముసలావిడ భర్తను కుర్చీలో కూర్చోబెట్టాను. ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. నాలుగు పేజీలయ్యాయి, ఇంకా ఆగలేదు. చేపకు మేత వేశాను.

నిర్ణయం, ఈరోజు నుంచి: ఈ కథలో ఎవరూ పోరు.

నా చావులన్నీ పుస్తకాల్లోంచి తెచ్చుకున్నవే. నేను పుట్టాక మా ఇంట్లో ఎవరూ పోలేదు.