మూలుగలో దాగిన రోగానికి మా గోడలో కిటికీ

వైద్య సహాయ విభాగం అధికారి గారి సముఖమునకు, అనంతపురం జిల్లా గుండ్లోబన్నపల్లి అంగన్‌వాడీ కార్యకర్త ఆంజినమ్మ రాసుకొను అర్జీ. తేదీ 4-8-2006.

అయ్యా,

విషయం: నా భర్త హనుమంతప్పకు రెండవ విడత రక్తక్యాన్సర్ చికిత్స నిమిత్తం తమ సంతకం కోరుట గురించి.

1. నా భర్త బావులు తవ్వువాడు. నిరుడు తమ లేఖ మీదనే బెంగళూరు ఆసుపత్రిలో చేరి, రక్తం శుభ్రపడి ఇల్లు చేరినాడు. ఆరు నెలలకు రోగం తిరగబెట్టినది. ఎముక మూలుగలో ప్రాణవాయువు తక్కువగా ఉండు తావుల్లో కొన్ని రోగకణములు ఆ కొరతకే అలవాటుపడి, ఎదుగుదల తగ్గించుకొని, మందుకు చావక దాగినవని, ఇప్పుడు మందు మార్చవలెనని డాక్టరు గారు రాసి ఇచ్చినారు. నా భర్తకు ఒక్కసారికే అర్థమైనది. "బాయి అడుగున గాలాడదు మే. ఆడ ఓర్చుకొని బతికేది నేర్చినోడు మొండోడు, తొందరగా చావడు," అన్నాడు.

2. ఏడో తరగతి ఫెయిలైన బావి కూలీకి తెలిసినది తమ గుమస్తా రామదాసు గారికి తెలియలేదు. 'ప్రాణవాయువు తక్కువ' అన్నచోట ఎర్ర సిరాతో గీత గీసి, ఇంట్లో గాలి లేకనే రోగం వచ్చినదని నిర్ణయించి, విచారణకు మనిషిని పంపినారు. ఆ వచ్చినాయన టేపు పెట్టి మా ఇల్లు కొలిచి, కోళ్ల గంప కూడా కొలిచి, "ఏమ్మా, కిటికీ ఒగటే ఉండాది. ఇంగొగటి పెట్టుకోండి, తగ్గిపోతాది," అని టీ తాగి పోయినాడు. ఫైలు గృహనిర్మాణం వారికి పంపబడినది.

3. సిగ్గు విడిచి రాస్తున్నాను, సంతకం కోసం నేను గోడ పగలగొట్టించి కిటికీ పెట్టించినాను. రోగి ఆ దుమ్ములో దగ్గుతూ కూచున్నాడు. ఫోటో తీయించి సమర్పించగా రామదాసు గారు వక్కాకు నములుతూ, "తూర్పుకు పెట్టాల గదమ్మా," అన్నారు. తూ, ఇదీ ఒక ఆఫీసేనా అనిపించినది. ఆ కుర్చీ ముందు మళ్లీ చేతులు కట్టుకొని నిలబడవలెనంటే రోత.

4. ఆసుపత్రి వారు బెడ్డు పదో తేదీ వరకే ఉంచెదమన్నారు. తమ లేఖ లేనిదే చేర్చుకోరు. కావున ఫైలు వెనక్కు తెప్పించి, డాక్టరు రాసినది తాము స్వయంగా చదివి, సంతకం చేయ చిత్తగించవలెను.

తమ విధేయురాలు (అట్ల రాయకపోతే తీసుకోరు గనుక రాసినాను),
ఆంజినమ్మ

తా.క. చదివి వినిపిస్తే నా భర్త, "సంతకం పెట్టేవాళ్లకు కోపం వచ్చేట్ల రాయాకు మే. నాకు బతకాలని ఉండాది," అన్నాడు. పదైదేండ్ల కాపురంలో ఆయన నన్ను ఏదీ అడిగినోడు కాదు. తిరిగి రాసేదానికి పొద్దు లేదు, బస్సు వచ్చేస్తాంది. రెండు, మూడు నంబర్లు కొట్టేసినట్లే అనుకోండి. రామదాసు గారు మంచివారు. సంతకం పెట్టండి సార్.